గుర్తు తెలియని వాహనం

పోయిన నెలలో మా వీధి మలుపు దగ్గర ఒక కారు, సైకిల్ మీద వెళ్తున్న ముసలాయనను పడగొట్టి ఆగకుండా పోయింది. కూరగాయల సంచీతో నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆయనకు మోచేయి చీరుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. నిమిషంలో ముప్పై మంది పోగయ్యారు. సగం మంది ఫోన్లు పైకెత్తారు, మిగతా సగం మంది కార్లున్న వాళ్లందరినీ కలిపి తిట్టారు. పోలీసు వచ్చి నంబరు ఎవరైనా చూశారా అని అడిగేసరికి అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి. నేను నంబరు చెప్పాను, చిరునామా చెప్పాను, పోలీసు కన్నడంలో రాసింది రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. తిరిగి వస్తుంటే పక్కింటి కోడలు జాలిగా చూసి, "ఈ వయసుల మీకెందుకు టీచరమ్మా, స్టేషను సుట్టు తిరుగుడు?" అంది. నవ్వి నా గుమ్మం ఎక్కాను. దానికి జవాబు ఉంది గానీ, గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. మశూచి టీకాలు వేసే ఉద్యోగం. రాష్ట్రానికి ఇంకా మైసూరు అనే పేరున్న రోజులవి. రేకు పెట్టె సైకిల్ వెనక కట్టుకుని బీదరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాడు. ఆ సైకిల్ బెల్లు వినపడితే చాలు, పిల్లలు అటకలెక్కేవారు, గడ్డివాముల్లో దూరేవారు. ఒకసారి మన్నళ్ళిలో ఒకడు జొన్నల గుమ్మిలో దాక్కుంటే, మామ ఆ గుమ్మికి వీపు ఆనించి కూర్చుని, వాడికి తుమ్ము వచ్చేదాకా కీర్తనలు పాడుతూ గంటసేపు కాచుకున్నాడట. గుడిలో ఆదివారం పాడినా అదే గొంతు, అదే అపశ్రుతి. పాదిరిగారు ఆయన్ను ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చోబెట్టేవారు. కీర్తనలన్నీ ఆయనకు నోటికే వచ్చు, పుస్తకం చూసి కాదు. నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్న మనిషి. తెలుగు మాట్లాడటమే తప్ప అక్షరాలు తెలియవు, కన్నడ అక్షరాలు అసలే తెలియవు. అత్తకు ఏ అక్షరాలూ తెలియవు. సర్కారు కాగితం ఏది వచ్చినా తీసుకుని మా ఇంటికి వచ్చేవాడు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, కన్నడంలో చదువుకుని టీచరు ట్రైనింగు చేస్తున్నాను. "మన ఇంట్ల మైసూరు సర్కారంటే ఈ పిల్లనే" అనేవాడు. ఆ మాటకు నేను చాలా గర్వపడేదాన్ని.

ఆ ఏడు ఎండలు ముదిరిన నెలలో, పొద్దు వాలే వేళ, మన్నళ్ళి నుంచి వస్తున్న మామను వెనక నుంచి ఏదో బండి గుద్ది పోయింది. గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్‌కు శనగలు తోలుకొస్తున్న రైతు ఒకాయన దారి పక్క గోతిలో మామను చూసి, బస్తాల మీద పడుకోబెట్టి దవాఖానకు చేర్చాడు. మేం వెళ్లేసరికి ఆవరణ నిండా జనం. ఆ ఎర్రమట్టి దుమ్ములో మొహాలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏదో ఒక ఊళ్లో వాళ్ల పిల్లలకు టీకా వేసిన చెయ్యి కదా, అందరూ తమ మనిషికే జరిగినట్టు మాట్లాడుతున్నారు. మొదట అంతా అయ్యో పాపం అన్నారు. కాసేపటికి ఆ అయ్యో పాపం ఎక్కడో తిరిగి కోపమై వచ్చింది. ఎవరో లారీ అన్నారు. ఇంకెవరో, గంజ్‌లో ముందు దీపం పగిలిన లారీ ఒకటి నిలబడి ఉందన్నారు. ఆవరణ నెమ్మదిగా ఖాళీ అయింది. ఒక్కరూ అరవలేదు. పనికి పోతున్నట్టే పోయారు. నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది.

లోపల మామకు స్పృహ ఉంది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. అత్త ఆయన నోట్లో నీళ్లు పోస్తుంటే నా వైపు చూసి, "లారీ గాదు బిడ్డా, జీపు" అన్నాడు. "సావుకారి జీపు. గుద్దినంక ఆపిండు. దిగి నా దగ్గర్కి ఒచ్చిండు. నన్ను పేరు పెట్టి పిలిచిండు. నేను ఊ అన్న. మల్ల ఎక్కి పోయిండు."

సావుకారంటే ఊరికి ఒక్కడే. గంజ్‌లో సగం దుకాణాలు ఆయనవి, మన్నళ్ళి దారిలో మామిడితోట ఆయనది, ఆఫీసర్లు పండుగలకు భోంచేసేది ఆయన ఇంట్లో. ఊళ్లో సర్కారుది కాని జీపు ఆయనది ఒక్కటే. తెల్లగా ఉండేది. ఆయన మనవలకు టీకాలు వేసింది మా మామే.

అత్త లేచి కొంగు బిగించుకుని, "గంజ్‌ల ఎవర్నో చంపుతరు, నడువు" అంది. మైలు దూరం ఇద్దరం ఇంచుమించు పరుగెత్తాం. లారీ చుట్టూ రెండు వందల మంది ఉంటారు. డ్రైవరు కింద కూర్చుని ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది, చెవి దగ్గర రక్తం. మన భాషలేవీ అతనికి రావు. రెండు చేతులూ జోడించి తన భాషలో ఒకే మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. ఒక హమాలీ చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం ఉంది. అత్తను చూడగానే జనం గౌరవంగా దారి ఇచ్చారు. "అమ్మ ఒచ్చింది. అమ్మను చూడనియ్యిన్రి" అన్నారు. డ్రైవరును ఆమెకు చూపించడానికే దాచిపెట్టినట్టు ఉంది ఆ మాట.

అత్త డ్రైవరు ముందుకు వెళ్లి నిలబడింది. "ఈయన గాదు. లారీ గాదంట. నా పెనిమిటి చూసిండు" అంది.

"మరెవరమ్మా? పేరు చెప్పు. వాని ఇల్లు తగలబెడ్తం" అన్నాడు కొక్కెం పట్టుకున్నతను.

అత్త సావుకారు పేరు చెప్పింది. ఊళ్లో ఎవరూ గట్టిగా అనని పేరును అందరికీ వినపడేలా చెప్పింది.

ఆ తర్వాత జరిగింది ఇన్నేళ్లలో లెక్కలేనన్నిసార్లు తలుచుకున్నాను. కొక్కెం ఉన్నతను దాన్ని భుజానికి తగిలించుకున్నాడు. ఎవరో ఎద్దులకు నీళ్లు పెట్టాలన్నారు. ఇంకెవరో దుకాణం తాళం వేశామా లేదా అని అనుమానపడ్డారు. ఒక పెద్దాయన అత్త దగ్గరికి వచ్చి, "దెబ్బ తగిలినోనికి కండ్లు సరిగ్గ ఆనయమ్మా" అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. సావుకారు బంగళా అక్కడికి నాలుగు వందల గజాలు. దాని మిద్దె మాకు కనిపిస్తూనే ఉంది. అటువైపు ఒక్క అడుగు పడలేదు. కొద్దిసేపట్లో అక్కడ మేమిద్దరం, ఆ డ్రైవరు, చెదిరిన శనగలు మిగిలాం. అత్త అతన్ని లేపి నీళ్లు తాగించింది.

మర్నాడు మధ్యాహ్నం సావుకారు దవాఖానకు వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని మామను పేరు పెట్టి పిలిచాడు. మామ ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుపోవడం నాకు కనిపించింది. "ఈ లారీలోళ్లకు కండ్లు నెత్తి మీదుంటయి" అన్నాడాయన. అత్త సూటిగా, "మీ జీపు యాడున్నది సావుకారు?" అని అడిగింది. "రిపేరుకు హైదరాబాదు పంపిన" అన్నాడు, అంతే మామూలుగా. వెళ్లబోతూ నా దగ్గర ఆగాడు. "టీచరు ట్రైనింగు చేస్తున్నవంట గద. మీ నాయిన తాలూకా ఆఫీసుల చప్రాసి గద. మంచిది, బాగ సదువుకో" అన్నాడు. ఒక్క కఠినమైన మాట లేదు. నా భుజం మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

సాయంత్రం పోలీసు దఫేదారు వచ్చి మామ చెప్పింది రాసుకున్నాడు. మామ ఉర్దూలో వివరంగా చెప్పాడు. జీపు, రంగు, మనిషి, పిలిచిన పిలుపు అన్నీ చెప్పాడు. దఫేదారు కన్నడంలో చాలాసేపు రాసి కాగితం నా చేతికిచ్చి, చదివి వినిపించమన్నాడు. చదివాను. మన్నళ్ళి రోడ్డు ఉంది, సైకిల్ ఉంది, విరిగిన కాలు ఉంది. గుద్దినది మాత్రం 'అపరిచిత వాహన'. గుర్తు తెలియని వాహనం. తలెత్తి చూస్తే దఫేదారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మా నాన్న నా వెనక నిలబడి ఉన్నాడు. ఆయనకూ కన్నడం వచ్చు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది.

"నేను చెప్పిందే రాసిండా బిడ్డా?" అన్నాడు మామ.

"రాసిండు మామా" అన్నాను.

మామ ఉర్దూలో సంతకం పెట్టాడు.

ఆయన కాలు రెండంగుళాలు పొట్టిదైంది. సైకిల్ ఎక్కడం ఇక కుదరలేదు. జీపు వానలు పడేనాటికి ఆకుపచ్చ రంగులో తిరిగొచ్చింది. హోటలు ముందు కూర్చున్నవాళ్లంతా దాన్ని చూశారు, ఎన్ని మైళ్లిస్తుందో మాట్లాడుకున్నారు, రంగు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మామ మాత్రం కోర్టు పిలుపు కోసం ఎదురుచూశాడు. పోస్టుమాన్ మా వీధిలోకి వస్తే కర్ర పట్టుకుని అరుగు మీదికి వచ్చేవాడు. ఏడాది దాటినా అదే మాట. "కాయితం మీద రాసిండ్రు గద. ఇయ్యాల గాకుంటె రేపు పిలుస్తరు." అప్పుడల్లా నేను పని ఉన్నట్టు లోపలికి వెళ్లేదాన్ని.

తర్వాత ఆయనకు ఆఫీసులో కూర్చుని జనన మరణాలు రాసే పని ఇచ్చారు. రిజిస్టర్లు కన్నడంలో ఉండేవి. ఏడాదిలోగా నేర్చుకోవాలన్నారు. నేర్పమని ఎవరి దగ్గరికి వస్తాడు? పలకా బలపమూ పట్టుకుని, నలభై దాటిన మనిషి, మా వసారాలో కూర్చునేవాడు. అక్షరాలను జిలేబీలనేవాడు, ఒత్తులను వాటి తోకలనేవాడు. మా అమ్మ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని గానీ, ఆయన నేర్చుకున్న ప్రతి అక్షరాన్నీ లోలోపల లెక్కపెట్టుకునేదాన్ని. ఆ వాంగ్మూలం నకలు ఒకటి సెలవు మంజూరు కోసం తెచ్చుకున్నది అత్త పెట్టెలో చీరల కింద ఉంది. అది నాకు తెలుసు. కొన్నాళ్లు గుణింతాల దగ్గరే తిప్పి తిప్పి చెప్పాను. ఆయనకు అర్థం కాలేదని కాదు, నాకు రోజులు కావాలి.

రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో ఒక సాయంత్రం మామ రోజూ వచ్చే వేళకు రాలేదు. చాలా ఆలస్యంగా వచ్చి, చాప మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. పలక తియ్యలేదు. నేను అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ కాయితం చదివినవా మామా?"

"చదివిన" అన్నాడు. "ఆ దినం గంజ్‌ల అంతమంది మొగోళ్లుండి నోరు మూసుకోని పోయిండ్రు. నువ్వొక్క దానివి ఏం జేస్తవు బిడ్డా." అని పలక తీసి నా ముందు పెట్టాడు. "ఒత్తులు ఇంక కుదురుత లేవు. చెప్పు."

చెప్పాను. తిట్టి ఉంటే ఏడ్చి ఉండేదాన్ని, క్షమించమని అడిగి ఉండేదాన్ని. ఆయన కోపమే పడలేదు. ఎద్దులకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయినవాళ్ల పక్కన నాకూ ఒక చోటు చూపించి, నెమ్మదిగా కూర్చోబెట్టాడు, అంతే. ఆ తర్వాత మామ ఎన్నడూ పోస్టుమాన్ కోసం అరుగు మీదికి రాలేదు. పదవీ విరమణ దాకా ఆ రిజిస్టర్లు ముత్యాల్లాంటి కన్నడంలో రాశాడు. సావుకారు మరణాన్ని కూడా ఆ చేత్తోనే, వాలు లేకుండా, దిద్దుబాటు లేకుండా రాశాడని ఆఫీసువాళ్లు చెప్పారు.

ఇప్పుడు మామ లేడు, అత్త లేదు, వాళ్లను పెద్దవాళ్లు అనుకున్న నేను వాళ్లిద్దరి వయసూ దాటాను. పంతొమ్మిదేళ్ల పిల్ల, భయపడింది, అని నాకు నేను చాలా కాలం చెప్పుకున్నాను. ఆ పిల్ల అక్కడే ఉండిపోయింది, నేనే ఏటేటా ఆమెకు దూరమవుతున్నాను. కాలం జరిగిన కొద్దీ ఆమె భయం నాకు అంతకంతకూ చిన్నదిగా కనిపిస్తోంది, ఆమె అన్న ఒక్క మాట మాత్రం ఉన్నంతే ఉంది.