ఫోను రాలేదని చెప్పిన వేళ్ళు

ఫ్యాక్టరీలో మా కుట్టు లైను సూపర్వైజరమ్మ పోయిన శుక్రవారం చనిపోయింది. గుండెపోటట. ఆ రోజు సెలవు పెట్టిందంటే జలుబో తలనొప్పో అనుకున్నాం. సాయంత్రం నేను పెనుకొండలో కంపెనీ బస్సు దిగేసరికి పక్కింటి పెద్దమ్మ ఎదురొచ్చి కబురు చెప్పింది. ఫ్యాక్టరీలో మాకే తెలియనిది ఆమెకు ముందు ఎలా తెలిసిందో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి.

నేను హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతాను. నాయన ధర్మవరంలో జీవితమంతా పట్టుచీరలు నేసినవాడు. అమ్మ పోయి, ఆయనకు మతిమరుపు జబ్బు ముదిరాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. నా పేరు గుర్తుండదు గానీ మగ్గం గుర్తుంటుంది. తలుపు తెరిచి ఉంటే చాలు, "మగ్గం కాడికి పోవల్ల" అంటూ బస్టాండు దారి పడతాడు. పగలు పెద్దమ్మే కనిపెట్టుకుని ఉంటుంది. మిషను ముందు కూర్చున్నా నా ప్రాణమంతా ఆ తలుపు దగ్గరే. ఫోను చూసుకుందామంటే గేటు దగ్గరే ఇచ్చేయాలి.

ఆ రోజుల్లోనే ఒక కట్ట చొక్కాలకు కుడి చెయ్యి ఎడమకూ, ఎడమ చెయ్యి కుడికీ కుట్టేశాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. సూపర్వైజరమ్మ నన్ను కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

"ఏమైంది పాపా?"

"మా నాయనకు బాగలేదక్కా."

"మీ నాయన సంగతి మళ్ళ సెప్పుదువు. నువ్వెట్లుండావు?"

నాయన ఎలా ఉన్నాడని వీధి వీధంతా అడిగేది. నన్ను అడిగిన మనిషి అప్పటిదాకా లేదు. మొహం కడుక్కోబోయి, కుళాయి కట్టేయడం కూడా మరిచి ఏడ్చాను.

ఆమే కుళాయి కట్టేసింది. "మా అత్త మంచంలో ఉన్నెప్పుడు నేనూ ఇట్లే ఉంటి. ఎవురికీ సెప్పుకోల్యా. పనిడిసి ఇంట్లో కూసుంటే ఇంగా పిచ్చి పట్టినట్లాయె. నువ్వు పని ఇడ్సద్దు," అంది. నాకు నిద్ర పట్టడం లేదని తెలిసి, సెలవు రోజున తానే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేను జంకితే, "మనసుకూ జరం వస్తాది పాపా, సిగ్గెందుకు?" అంది. నన్ను ఓవర్‌టైముకు అడగొద్దని మేనేజరుతో గట్టిగా వాదించింది. ఆ మాటలు మాకు బయటికి వినిపించాయి!

లైనులో ఫోను ఉంచుకునే అనుమతి ఆమెకే. ఆ నంబరు పెద్దమ్మకు ఇప్పించింది. "ఫోనొస్తే పరిగెత్తుకోని వస్తా. రాకుంటే మీ నాయన ఇంట్లోనే ఉండాడని. నెమ్మదిగా కుట్టుకో." అప్పటి నుంచి మెడలో కొలతల టేపుతో నా పక్కగా పోయిన ప్రతిసారీ నా టేబుల్ మీద వేళ్ళతో తట్టి పోయేది. ఫోను రాలేదని అర్థం. పక్క మిషనామెకు ఆ సంగతి తెలియదు. "పాపం, నిన్నే తరుముతాంటాదేమే!" అని జాలిపడేది. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. ఆ వేళ్ళ చప్పుడు మీదే నా ఉద్యోగం నిలిచింది, నా మతీ నిలిచింది.

ఆ శుక్రవారం నా టేబుల్ తట్టేవాళ్ళు లేరు. నాయన ఆ రోజే తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ కంగారుగా ఆ నంబరుకే చేసింది. ఎత్తింది సూపర్వైజరమ్మ కూతురు. "అమ్మ ఇప్పుడే పోయింది," అని భోరుమందట. పెద్దమ్మ ఆ ఏడుపు చెవిలో పెట్టుకునే బస్టాండుకు ఉరికి, ధర్మవరం బస్సు ఎక్కబోతున్న నాయన్ను చెయ్యి పట్టి వెనక్కి తెచ్చింది.

మర్నాడు హిందూపురంలో వాళ్ళింటికి పోయాను. ఆమెను ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. మెడలో టేపు లేకపోతే ఎవరో కొత్త మనిషిలా ఉంది. ఇకమీద నువ్వెట్లుండావని నన్ను ఎవరు అడుగుతారక్కా అనుకుంటే దుఃఖం ఆగలేదు. ఆమెకు చేరాల్సిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. వంగి, ఆమె తట్టినట్టే పెట్టె అద్దం మీద వేళ్ళతో తట్టాను.

"నాయన ఇంటికొచ్చినాడక్కా."

అద్దం మీది చెమ్మలో నా వేళ్ళ గుర్తులు కాసేపు నిలిచాయి. తర్వాత వాటి మీదా చెమ్మ పట్టింది.