గొట్టంలో గరగర

ఆ ఉదయం మా పాప స్నేహ మంచం దిగబోయి కూలబడింది. "కాళ్ళు నా మాట వినట్లేదమ్మా" అంది. దానికి ఆరేళ్ళు. ఆటలాడుతోందేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి చెంచా కూడా పట్టుకోలేకపోయింది. మా నరసాపురంలో చూసిన డాక్టరుగారు వెంటనే రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు.

అక్కడ వెన్నులోంచి నీరు తీసి, నరాల టెస్టు చేసి, గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నారు, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బట. ఆ దాడిని తగ్గించే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఈలోగా ఊపిరి పీల్చే కండరాలు కూడా పట్టు తప్పాయి. నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు.

పాపకి స్పృహ ఉంది, మాట లేదు. దగ్గే బలం లేక కఫం గొట్టంలో చేరి గరగరమనేది. అప్పుడు నర్సు సన్నటి ట్యూబు లోపలికి పోనిచ్చి మెషీనుతో లాగేది. దాన్ని సక్షన్ అంటారు. ఆ కాసేపు నన్ను బయటికి పంపేవారు. అద్దంలోంచి చూసేదాన్ని. పాప ముఖం కందిపోయేది. కళ్ళవెంట నీళ్ళు కారేవి. శబ్దం మాత్రం ఉండేది కాదు. నాకు ఏడుపు రాలేదు. మా ఆయన టిఫిన్ తెస్తే తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

"గంటకోసారి కఫం తీసేస్తే సరిపోతుంది కదండీ?" అని డాక్టరుగారిని అడిగాను.

"వద్దమ్మా. తీసిన ప్రతిసారీ ఊపిరిగొట్టం లోపలి పొర ఒరుసుకుంటుంది, ఆక్సిజన్ కూడా పడిపోవచ్చు. గరగర వినిపిస్తేనో, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, తగ్గితేనో చేస్తాం" అన్నారాయన.

ఒక సాయంత్రం కఫం చిక్కబడి గొట్టం మూసుకుపోయింది. మానిటర్ మోగింది. పాప పెదాలు నీలంగా మారాయి. డాక్టర్లు గొట్టం మార్చేదాకా, చేతులు ఎలా కడుక్కోవాలో చూపిస్తూ గోడ మీద అంటించిన బొమ్మలు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత నెమ్మదిగా దగ్గు తిరిగొచ్చింది. "ఇంత గట్టిగా దగ్గుతోందంటే మంచిదేనండి" అంది నర్సు. కొన్నాళ్ళకి గొట్టం తీసేశారు. పాప నావైపు చూసి, బొంగురు గొంతుతో మొదట అన్న మాట ఇది: "పిలిచాను. నువ్వు రాలేదు."

ఎన్నిసార్లు పిలిచావని నేను అడగలేదు.

ఇప్పుడు బడికి నడిచే వెళ్తోంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుంటుంది. నేను పక్కగదిలోకి వెళ్ళినా దానికి చెప్పే వెళ్తాను.

మీ బిడ్డకి సక్షన్ చేసేటప్పుడు దగ్గర ఉండనిమ్మని అడగండి. కుదరదంటే, బయటికి వెళ్ళే ముందు చెవిలో చెప్పండి: "కఫం తీస్తారమ్మా, కాసేపే. నేను తలుపు దగ్గరే ఉంటాను." బదులు పలకలేకపోయినా వాళ్ళకి వినిపిస్తుంది.