ముందు థాంక్యూ

నలభై రెండేళ్ళ వయసులో యూనివర్సిటీలో చేరానంటే అందరూ మెచ్చుకున్నారు. అది థీమ్ పార్క్‌లో ఉందనగానే నవ్వారు. "చదువుకోడానికా, జెయింట్ వీల్ ఎక్కడానికా?" అని అమెరికాలో మేముండే ఫ్రిస్కోలో మా పక్కింటి వదిన ఏడిపించింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. వర్క్ పర్మిట్ కోసం ఎనిమిదేళ్ళు ఇంట్లో కూర్చున్నదాన్ని, ఈ నవ్వులు నన్నేం చేస్తాయి?

మా యూనివర్సిటీకీ పార్కుకీ గేటు ఒకటే. రైడ్లు భద్రంగా నడపడమే మా చదువు. పొద్దున రోలర్ కోస్టర్ షెడ్డు పైన క్లాసులు, మధ్యాహ్నం ఆ కోస్టర్ దగ్గరే డ్యూటీ. పాఠం మధ్యలో కిటికీ బయట జనం కెవ్వుమంటూ పోతుంటే మొదట్లో ఉలిక్కిపడేదాన్ని. వారం తిరిగేసరికి అలవాటైపోయింది.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఎర్ర బటన్ నొక్కి రైడ్ ఆపేయొచ్చు. నొక్కినవాళ్ళకి ముందు థాంక్యూ చెప్పాలి. ఎందుకు నొక్కావని ఆ తర్వాతే అడగాలి.

నా ఫైనల్ ప్రాక్టికల్ రోజున ప్రొఫెసర్ నా వెనకే నిలబడ్డారు. పాసైతే అక్కడే ఉద్యోగం. ఫెయిలైతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. లైన్లో ఒక తెలుగావిడ, ఆరేళ్ళ కూతురు. ఎత్తు కొలిచే అడ్డకర్రకి తల తగిలితేనే ఎక్కనివ్వాలి. పిల్ల ఆనింది. ఆనింది తల కాదు, నడినెత్తిన కట్టిన పిలక. నేను గమనించాను, గమనించానని ఆవిడా గమనించింది.

"అక్కా, మనవాళ్ళే కదా. కొంచెం అడ్జస్ట్ చేయండి, గంట నుంచి వెయిట్ చేస్తున్నాం" అంది మెల్లగా.

ఆ 'అక్కా'కి కరిగిపోయాను. పాడు మొహమాటం. పంపేశాను.

సీట్ల మీదికి సేఫ్టీ బార్లు దిగాయి. పిల్ల తొడలకీ బార్‌కీ మధ్య నా పిడికిలి పట్టేంత సందు. పిల్ల నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. అవతల మా క్లాస్‌మేట్ స్టార్ట్ మీద చెయ్యి వేశాడు. ఆపితే నా తప్పు నేనే చాటుకున్నట్టు. ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకోడానికి ఇప్పటికీ భయమే. ఎర్ర బటన్ నొక్కాను.

"థాంక్యూ" అన్నారు ప్రొఫెసర్. ఆ తర్వాతే ఎందుకని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పిల్లని దింపేస్తే ఏడ్చింది. "మనవాళ్ళే ఇలా చేస్తారు" అని వాళ్ళమ్మ విసవిసా వెళ్ళిపోయింది.

పిల్లని పంపినందుకు నన్ను ఫెయిల్ చేశారు. మూడు రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఆయన మీద నాకున్నది కృతజ్ఞతే. ముందు తిట్లు పడతాయనుకుంటే నా చెయ్యి ఆ బటన్ దాకా వెళ్ళేది కాదు.

మళ్ళీ చదివి పాసయ్యాను, కాస్త ఆలస్యంగానైనా అక్కడే ఉద్యోగమూ దొరికింది. ఈ వేసవిలో డ్యూటీలో ఉండగా ఒక పిల్ల పరిగెత్తుకొచ్చి కర్ర కింద నిలబడింది. వెనకాల వాళ్ళమ్మ, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"ఆంటీ, ఇవాళ పిలక లేదు. చూడు" అంది పిల్ల, అమెరికా యాసలో.

రెండు జడల మధ్య పాపిట మీద అరచెయ్యి పెట్టి చూశాను. కర్ర నా చేతికి తగిలింది.

"ఆ రోజు ఏదో అనేశాను అక్కా" అంది వాళ్ళమ్మ.

పిల్లని నేనే కూర్చోబెట్టి బార్ దించాను. సందులో వేలు పెట్టబోయాను. దూరలేదు.