బాయి కాడి కారింజన్

కూసో బిడ్డా, ముందుగాల మంచిగ ఇను, ఎన్క రాస్తువు. నాకు కొత్తగ పెండ్లయిన దినాలు. కొల్లాపూర్ కెల్లి బస్సుల వస్తున్న. నా ముందు సీటుల ఒకాయన ఉండె, చేతులనిండ గిరీసు. బాయిల పక్కపొంటి బస్సు ఆగినప్పుడల్ల తల బయటవెట్టి నీళ్ల ఇంజన్ సప్పుడు ఇంటాండు.

"గట్ల ఏం ఇంటున్నవే అన్నా?" అని అడిగిన.

"మా ఇంజన్ ఎతుకుతున్న చెల్లే. మా అన్నకు ఇద్దరు కూసునే పాత పందెం కారుండె. అన్న వద్దన్నా ఇనక, దాని ఇంజన్ ఇప్పి లారీది పెద్దింజన్ ఎక్కిచ్చిన. ముందర బరువెక్కువై, పందెంల మూల మలుపు కాడ అన్న నడిపే కారు తిరగక గోడకు కొట్టింది. అన్న కండ్లు పోయినయ్. ఇప్పుడు రోజు గా కార్ల కూసోని, పాత సప్పుడు ఒక్కపారి ఇనిపియ్యిరా అంటడు. నేనేమో గా ఇప్పిన పాతింజన్‌ను నీళ్లు తోడనీకి అమ్ముకుంటి. కొన్నోడు ఇంకోలకు అమ్మిండట."

"మరి గుర్తెట్ల వడుతవు?"

"డీజిలింజన్ దడదడమంటది. మాది పావురం లెక్క గురగురమంటది."

ఆత్మకూర్ల నేను దిగిన. ఆయన ఇంకా ముందుకు పోయిండు.

మల్ల ఏడాది మా చేను పక్క బాయి కాడ అచ్చం పావురం లెక్కనే ఇనవడ్డది బిడ్డా! కబురు చేద్దామంటే ఆయన పేరు తెల్వదు, ఊరు తెల్వదు. పరాయి మొగోని పేరు అడుగుడు మా ఆడోళ్లకు గప్పుడు ఏడిది? గా ఇంజన్ నడిచినన్ని దినాలు, చేన్లకు పోయినప్పుడల్ల గట్టు మీద నిలవడి, కండ్లు గట్టిగ మూసుకొని గా సప్పుడు ఇనుకుంట… ఆఁ, వస్తున్ననే కోడలా, బువ్వ వెట్టు!