అద్దం మీది బంతిపూల రేకులు

మొన్నామధ్య ఆఫీసుకు ఆలస్యమవుతోందని మావారు నాచారం రోడ్డు మీద కారులో చిందులు తొక్కుతున్నారు. ముందు శవయాత్ర, డప్పులు. "వద్దండీ" అంటున్నా వినరు, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యరు.

గుంపులోంచి ఓ పెద్దాయన మా కిటికీ దగ్గరకొచ్చాడు.

"జర ఆగు బిడ్డా. పాడె మీదున్నోడు నా తమ్ముడు. గాడు గూడ గిట్లనే కోపానికొచ్చి, సైడియ్యలేదని లారీ డ్రైవర్‌తోని కొట్లాటకు రోడ్డు మీద దిగిండు. ఎనక నుంచి బస్సు గుద్దింది."

మావారు ఇంజన్ ఆపేశారు. శవం మీద చల్లుతున్న బంతిపూల రేకులు మా అద్దానికి అంటుకున్నాయి. ఇక మారతారని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఉప్పల్ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడీపడకముందే మళ్లీ హారన్! ముందున్న ఆటో అతన్ని తిడుతూనే వైపర్ వేశారు. రేకులు కొట్టుకుపోయాయి.

ఇప్పుడు డప్పు చప్పుడు వినబడితే చాలు, ఆయనకు ఫోన్ చేస్తాను. ఎత్తగానే హారన్ మోత. హమ్మయ్య, ఉన్నారు అనుకుంటాను.