అక్క వదిలేసిన గోలు

ఐసు మీద నిలబడటం కూడా రాని నన్ను ఐస్ హాకీలో డిఫెండర్‌ని చేశారంటే, ఆ తప్పు నాది కాదు, ఐసీయూ తలుపుది. సౌదీలో, అల్ ఖోబర్‌లో మా ఆసుపత్రికి ఒక్క పేషెంటుని చూడటానికి బాబాయిలు, మేనత్తలు, కాఫీ ఫ్లాస్కులు, ఖర్జూరాల పళ్ళేలు అన్నీ కలిసి వచ్చేవి. తలుపు దగ్గర డ్యూటీ నర్సుని నేనే, నన్ను దాటి ఈగ కూడా లోపలికి పోయేది కాదు. అది చూసిన మా ఫిలిప్పీనో ఫిజియోథెరపిస్టు, నర్సుల జట్టుకి ఆవిడే కెప్టెన్, నన్ను పట్టుకుపోయింది. అంతకుముందు డిఫెండర్‌గా ఆడిన ఇంజనీరుగారి భార్య, పరాయిదేశపు కుటుంబాల మీద లెవీ అని తలకింత పన్ను పడగానే పిల్లల్ని తీసుకుని ఇండియా వెళ్ళిపోయిందట.

మాల్‌లో ఉన్న రింకుని శుక్రవారం పొద్దున్న ఆడవాళ్ళకి ఇచ్చేవారు. అద్దాలకి తెరలు కట్టేవారు, బతికిపోయాను. నాకు ముందుకు పోవడం వచ్చింది గానీ ఆగడం రాలేదు. ఆగాలంటే ఎవర్నో ఒకర్ని వాటేసుకోవాలి. నేను అవతలి జట్టువాళ్ళని వాటేసుకునేదాన్ని. దాన్ని రిఫరీ ఫౌల్ అనేది, మా కెప్టెన్ డిఫెన్స్ అనేది.

గోల్‌కీపరు మా వార్డులో సీనియర్ నర్సు, భీమవరం అక్క. ఆటకి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. ఆమెన్ అన్న కాసేపటికే గోలు పడేది.

"ప్రభువుకి హాకీ రాదేమో అక్కా?"

"నోర్ముయ్యవే! నీకొచ్చి ఏడ్చిందా?" అనేది.

ఆ ఏడు, ఉద్యోగాల్లో సౌదీవాళ్ళు ఇంతమంది ఉండాలనే నితాకత్ లెక్క సరిచెయ్యడానికి అక్క ఉద్యోగం ఒక సౌదీ అమ్మాయికి ఇచ్చారు. ఆ పిల్లకి పని నేర్పి, ఆనక ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసుకుని ఇంటికి, వెళ్ళిపొమ్మన్నారు. అక్క బెంగంతా పేషెంట్ల గురించే. "నొప్పెక్కడో అడక్కుండానే కట్టు కట్టేస్తాదే ఆ పిల్ల! కట్టేముందు పాదం మీద నాడి చూడవే తల్లీ అని ఎన్నిసార్లు చెప్పాలి? దాని కళ్ళెప్పుడూ ఫోన్లోనే. నా వార్డు ఏమైపోద్దో!" అని రోజూ నా బుర్ర తినేది.

పైగా ఆ పిల్ల చిన్నప్పట్నుంచీ ఈ రింకులోనే పెరిగింది, తను చదివిన స్కూలు టీచర్ల జట్టులో ఫార్వర్డ్. వారమంతా అక్కకి శిష్యురాలు, శుక్రవారం వస్తే శత్రువు.

"వెళ్ళేలోపు ఒక్క ఆటన్నా గోలు పడకుండా చూసుకోవాలే. ఇంటికెళ్ళాక నాకు ఐసెక్కడిది, పుల్ల ఐసు తప్ప?" అంది అక్క.

అక్క ఆఖరి ఆటలో నిజంగానే అద్భుతం జరుగుతోంది. ఆట అయిపోవస్తున్నా ఒక్క గోలూ పడలేదు. మేం కొట్టే ప్రసక్తి ఎలాగూ లేదు కాబట్టి, ఆపితే అదే పెద్ద గెలుపు. అంతలో సౌదీ పిల్ల ఆ నల్ల రబ్బరు బిళ్ళని కర్రతో నెట్టుకుంటూ దూసుకొచ్చింది. వాటేసుకుందామని అడ్డం పడ్డాను. కాలు మడతపడి "అమ్మోయ్!" అని కూలబడ్డాను.

ఆ పిల్ల ఎదురుగా గోలు, అందులో అక్క ఒక్కర్తే. అయినా కర్ర పారేసి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "కదలొద్దు. ఎక్కడ నొప్పి?" అంది తెలుగులో! వార్డులో అక్క రోజూ తెలుగు పేషెంట్లతో అనే మాటలే. గబగబా లేసులు విప్పి, స్కేటు మెల్లగా లాగి, పాదం మీద రెండు వేళ్ళు పెట్టింది.

తల తిప్పి చూద్దును గదా, మా గోల్‌కీపరు గోలు వదిలేసి ఒళ్ళంతా కట్టుకున్న మెత్తలతో ఊగుతూ వచ్చేస్తోంది.

"అక్కా! గోలూ!" అని గొంతు చించుకున్నాను.

రిఫరీ ఈల వెయ్యడం మరిచిపోయి మమ్మల్నే చూస్తోంది. వెనకాల ఒక టీచరమ్మ తీరిగ్గా వచ్చి బిళ్ళని ఖాళీ గోల్లోకి నెట్టేసింది. అవతలి జట్టు కేకలు. అక్క వెనక్కి తిరగనైనా తిరగలేదు, వంగి ఆ పిల్ల వేళ్ళనే చూస్తోంది.

"ఐసు! ఎవరైనా ఐసు తీసుకురండి!" అని ఆ పిల్ల అరబ్బీలో అరిచింది, అంత ఐసు మీద కూర్చుని. రింకంతా పగలబడి నవ్వింది.

"గోలు పడిపోయిందక్కా," అన్నాను.

"పడితే పడిందిలేవే. వేళ్ళు ఎక్కడ పెట్టిందో చూడు. పనొచ్చేసింది దీనికి. ఇంక నేనెళ్ళిపోవచ్చు," అంది అక్క.

నేను భోరుమన్నాను. కాలి నొప్పికే అనుకుని ఆ పిల్ల మళ్ళీ అడిగింది, ఎక్కడ నొప్పి అని.