తామర రేకులు తీసేశాకే నిలిచిన ఊక కుండీలు

మిద్దె మీద వంగనారు నాటినప్పుడల్లా ప్లాస్టిక్ కవర్లు చింపలేక నాకు విసుగొచ్చేది. వేళ్లు తెగి సగం మొక్కలు వాలిపోయేవి. అందుకే నంద్యాల రైతుబజారు ముందు రమణమ్మ అనే ఆమె అమ్ముతున్న ఊక కుండీని చూడగానే ప్రాణం లేచొచ్చింది. మొక్కతో సహా పూడ్చేస్తే కుండీ మట్టిలో కలిసిపోతుందట. "ఎట్ల చేస్తామో చూస్తువు గాని, ఆళ్లగడ్డకు రాక్కా" అంది. మరునాడే బయలుదేరాను.

ఏడున్నరకు నంద్యాలలో బస్సెక్కి తొమ్మిదిలోపే దిగాను. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్‌కు డబ్బులక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. స్టాండు నుంచి ఆటోకు ముప్పై రూపాయలు. "శిల్పాలు కొనేదానికా అక్కా?" అన్నాడు డ్రైవరు. కుండీలకన్నాను. "రాళ్ల ఊర్లో ఊక కొంటాండావే!" అని నవ్వాడు.

వెళ్లేసరికి రమణమ్మ మొహం వాడిపోయి ఉంది. ఒక నర్సరీ యాభై పెద్ద కుండీలు అడిగింది, ఆమెకొచ్చిన మొదటి పెద్ద బేరం. నాలుగో రోజుకు అందించాలి. ఆరడానికి మూడు రోజుల ఎండ కావాలి కాబట్టి అన్నీ ఇవాళే చేయాలి. తెల్లవారుజాము నుంచి చేసిన ఎనిమిదింటిలో ఆరు విరిగాయి.

"ఊక అంటుకోడానికి గంజి చాల్లేదేమో," అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"గంజి కాదక్కా, ఈయప్ప పనితనం!" అంటూ ఈ పెద్ద కుండీల కోసం భర్త ఓబులేసు కొత్తగా చెక్కిన రాతి అచ్చు చూపింది. దేవుళ్లను చెక్కే చెయ్యి కదా, అచ్చు లోపల చుట్టూ తామర రేకులు తీర్చాడు. ఊక, వేరుశనగ బుడ్డల పొట్టు కలిపిన ముద్ద ఆ మలుపుల్లో చిక్కుకుని, లాగగానే కుండీ చీలిపోతోంది.

"సాదా రాయి ఇచ్చేదానికి చెయ్యి రాలే. వారం దినాలు చెక్కినా," అన్నాడతను.

"మట్టిలో పూడ్చేదానికి పూలు ఎందుకయ్యా? మాటిచ్చినా నేను. యాభై కుండీలు యాడ నుంచి తెచ్చేది?" అంది రమణమ్మ.

ఓబులేసు రాయి కోసే మిషను తీసుకుని రేకులన్నీ అరగదీశాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. నున్నబడిన అచ్చుకు నూనె రాసి, ముద్ద అదిమి, బోర్లించి తట్టారు. కుండీ చెక్కుచెదరకుండా జారింది. నేనూ మోచేతుల దాకా ముద్ద పిసికాను. ఐదింటికల్లా వాకిట్లో యాభై కుండీలు!

పక్క షెడ్డు శిల్పి వచ్చి అచ్చు చూసి, "ఏందన్నా, పూలు లేకుండా చెక్కినావు?" అన్నాడు.

"ఒక్కటన్నా విరిగిందేమో చూడప్పా! మా ఆడామె చేసింది," అన్నాడు ఓబులేసు, ఛాతీ విరుచుకుని.

ఆళ్లగడ్డలో ఆ రోజు ఎన్నో శిల్పాలు చూశాను, ఫొటోలూ తీశాను. కానీ వాళ్లిద్దరినీ తలుచుకుంటే మా జిల్లావాళ్లని చెప్పుకోవాలనిపిస్తుంది, గర్వంగానే. అంత అందమైన పనిని భార్య ఇచ్చిన మాట కోసం చెరుపుకున్న చేతిని నేనింకెక్కడా చూడలేదు. మీరూ ఈ కుండీలు తెచ్చుకుంటే ఒక్క జాగ్రత్త: నాటే ముందు బాగా తడిపి, అంచు కూడా కనబడకుండా పూడ్చండి. బయట మిగిలిన అంచు నీళ్లు లాగేసి మొక్కను ఎండబెడుతుంది.